చేతిలో ముక్క... ముగ్గులో వీరుడు!

జానపద చిత్రాల అభిమానులకు ఈ వారం ఒక ప్రశ్న. వెండితెర మీద వీరుడు కత్తి దూశాడు. ఎదురుగా మాంత్రికుడు దండం ఎత్తాడు. హాలంతా ఈలలు, చప్పట్లు! ఆ క్షణాన, 'వాడి స్థానంలో నేనుంటే ఇప్పుడు ఏ దెబ్బ వేసేవాణ్ణి?' అని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించలేదంటే మీరు బాల్కనీలో కూర్చుని మర్యాదగా సినిమా చూసే బాపతు అన్నమాట! అనిపించిన వాళ్లకోసమే ఈ కబుర్లు.

కథానాయకుడి కత్తి మన చేతికి వచ్చే ఆటలు వున్నాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మన లెక్కలో వాడే దర్శకుడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఇంకొకడు గజదొంగ. గుహలో రాక్షసుడు ఎదురైతే ఏం చెయ్యాలో ఎవరి పాత్ర సంగతి వాళ్లే తేల్చుకోవాలి. ముందుగా రాసిపెట్టిన క్లైమాక్సు లేదు!

పోరాటం వచ్చినప్పుడు ఎవరెక్కడ నిలబడ్డారో తెలియాలి కదా. దానికి బల్ల మీద బొటనవేలంత బొమ్మలు పెడతారు. వాటినే మినియేచర్లు అంటారు. ఈ బొమ్మల సరదా ఆ ఆటకంటే పాతది. 'కాలయంత్రం' కథ రాసిన హెచ్.జి. వెల్స్ దొరగారే 1913లో, బొమ్మ సైనికులతో యుద్ధం ఎలా ఆడాలో పూర్తి పుస్తకం రాశారు. అంతటి రచయిత బొమ్మలతో ఆడుకున్నాడంటే మనకెందుకండీ సిగ్గు!

సరే, బొమ్మలు నిలబడ్డాయి. దెబ్బ తగిలిందో లేదో చెప్పేదెవరు? ఆ అమెరికా ఆటలో చెప్పేది పాచిక. ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే తగిలింది, చిన్నది పడితే గాలిలో పోయింది. నా పేచీ అంతా ఇక్కడే వుంది.

పాచిక ఎవరి చుట్టం?

'మాయాబజార్' (1957) చూడనివాళ్లు మనలో వుండరు. అందులో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారి శకుని గుర్తున్నాడా? పాచికలు ఆయన చెప్పినట్టు వినేవి. భారతంలో ధర్మరాజు పాచికను నమ్మాడు, పాచిక మాత్రం శకునిని నమ్మింది! ఫలితం మనకు తెలిసిందే. అయితే శకునిలాంటి వాడు లేని చోట కూడా పాచికతో ఒక చిక్కు వుంది. దానికి జ్ఞాపకం లేదు. పదిసార్లు వేసి పదిసార్లూ ఆరు పడకపోయినా, పదకొండోసారి ఆరు పడే అవకాశం మళ్లీ ఆరింట ఒక వంతే. మీరెంత తెలివిగా ఆలోచించినా, ఎంత ఓపికగా కాచుకున్నా దానికి పట్టదు. మన అష్టాచెమ్మా గవ్వలదీ ఇదే వరస.

దానికి ఆ చివర చదరంగం వుంది. అక్కడ అదృష్టానికి చోటే లేదు, అంతా బుర్ర. మన కృష్ణా జిల్లా అమ్మాయి కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమె ఎదుట నేను కూర్చుంటే ఓడిపోతానని ఎత్తు వెయ్యకముందే తెలుసు. అందులో సస్పెన్సు ఏముంది? జానపదంలో మామూలు తోటమాలి కొడుకు కూడా మహామాంత్రికుణ్ణి గెలవగలగాలి. అదే కదా దాని మజా!

గవ్వకూ చదరంగానికీ నడుమ వున్నది పేక. ఏ ముక్కలు వస్తాయన్నది అదృష్టం. వచ్చిన ముక్కలతో ఏం చేస్తామన్నది మన పని. పైగా పేకకట్టకు జ్ఞాపకం వుంటుంది. ఇస్పేటు ఆసు పడిపోయిందంటే, మళ్లీ కలిపేదాకా అది రాదు. ఆ సంగతి గుర్తుపెట్టుకున్నవాడికి ధైర్యం వస్తుంది, మరిచిపోయినవాడికి దెబ్బ తగులుతుంది.

ఈ మాట నా సొంత పైత్యం కాదు. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన రమ్మీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1967లో న్యాయమూర్తులు ఇంచుమించు ఇదే చెప్పారు. రమ్మీ మూడు ముక్కలాటలాగా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలనీ, ఏది వుంచాలో ఏది వదలాలో తెలియడానికి నేర్పు కావాలనీ తేల్చారు. చూశారా! మన తెలుగు దేశపు పేకాట కేసే ఈ వాదానికి సాక్ష్యం.

కత్తికి బదులు కార్డు

పాచికను పక్కనబెట్టి పేకతో పోరాటం నడిపిన ఆటలు విదేశాల్లోనూ వచ్చాయి. 1996లో 'డ్రాగన్‌లాన్స్: ఫిఫ్త్ ఏజ్' అనే ఆట వచ్చింది. దానికి పాచికలు లేవు, 82 ముక్కల కట్ట ఒకటి వుంది. అందులో గమ్మత్తు వినండి: చేతిలోని ముక్కలే వీరుడి ప్రాణం! దెబ్బ తగిలితే ముక్కలు వదలాలి. ముక్కలు తగ్గేకొద్దీ చెయ్యగలిగిన పనులూ తగ్గుతాయి. అంటే గాయపడ్డ వీరుడు నిజంగానే గాయపడ్డవాడిలా తడబడతాడు.

2017లో ఐజాక్ చిల్డ్రెస్ అనే ఆయన తయారుచేసిన 'గ్లూమ్‌హేవెన్' ఇంకో మెట్టు ఎక్కింది. ప్రతి పాత్రకీ సొంత కార్డులు. ప్రతి వంతుకీ రెండు కార్డులు ఎంచుకుని, ఒకదాని పైసగం, ఇంకోదాని కిందిసగం వాడాలి. పైన కత్తివేటు, కింద గెంతు అనుకోండి. వాడిన కార్డులు తిరిగి తెచ్చుకోవాలంటే విశ్రాంతి తీసుకోవాలి. తీసుకున్న ప్రతిసారీ ఒక కార్డు ఆ పోరుకు శాశ్వతంగా పోతుంది. కార్డులు అయిపోతే వీరుడు అలసి కూలబడతాడు. శత్రువు చంపకపోయినా సరే!

ఇది చదవగానే నాకు మన కత్తియుద్ధాలే గుర్తొచ్చాయి. కాంతారావు గారు మెట్ల మీద నుంచి వెనక్కి నడుస్తూ నలుగురితో తలపడ్డారనుకోండి, అందులో ప్రతి వేటూ ముందే లెక్కగట్టింది. ఏ దెబ్బ తరవాత ఏ గెంతు, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి, ఆఖరి వేటు ఎప్పటికి దాచుకోవాలి... ఫైట్‌మాస్టర్ చేసే పని ఇదే. పాచిక చేతికిస్తే మనం ప్రేక్షకులం. పేకముక్కలు చేతికిస్తే ఫైట్‌మాస్టర్లం.

వాళ్లకి బల్ల వుంది, మనకి కొలువు వుంది

'బాగానే వుందిగానీ గురువుగారూ, ఆ విదేశీ పెట్టెల ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి' అంటారు. అనండి! కానీ నాకో సంగతి చెప్పండి. బొమ్మలూ పేకా కలిస్తే ఆటయితే, మన దగ్గర లేనిదేమిటి?

పేక సంగతి ముందు. బాబరు చక్రవర్తి 1527లో సింధులోని తన మిత్రుడికి గంజీఫా ముక్కలు పంపినట్టు తన ఆత్మకథలోనే రాసుకున్నాడు. ఆ గంజీఫా మన దేశంలో ఊరూరా తిరిగి 'దశావతార గంజీఫా' అయింది. గుండ్రటి ముక్కలు, చేత్తో వేసిన రంగులు. పది అవతారాలు, అవతారానికి 12 ముక్కలు, మొత్తం 120. ప్రతి అవతారానికీ ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. పగలు ఆడితే రాముడి రాజు వున్నవాడు మొదలెట్టాలి, రాత్రయితే కృష్ణుడి రాజు వున్నవాడు. ఇంకో చమత్కారం: సగం అవతారాల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది! మన నిర్మల్ చిత్రకారులూ ఈ ముక్కలు గీసినవాళ్లే. ఈనాడు మన పిల్లలకు పోకెమాన్ కార్డులన్నీ కంఠతా వచ్చు. గంజీఫా అంటే మాత్రం 'ఏ హోటల్లో దొరుకుతుంది?' అని అడుగుతారు.

ఇక బొమ్మలు. విజయవాడ నుంచి దాదాపు 20 కిలోమీటర్లు వెళ్తే కొండపల్లి. తెల్లపొణికి కర్రను సన్నసెగ మీద ఆరబెట్టి, తలా చెయ్యీ కాలూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి... వీటితోపాటు దశావతారాల జట్టు కూడా వుంటుంది. గమనించారా? గంజీఫాలోనూ దశావతారాలే, కొండపల్లిలోనూ దశావతారాలే. ముక్కా బొమ్మా ఒకదానికొకటి ఎదురుచూస్తున్నట్టు లేదూ!

ఆ బొమ్మలు సంక్రాంతికి కొలువులో మూడు రోజులు నిలబడి, మిగతా ఏడాదంతా అద్దాల బీరువాలో కునుకుతాయి. చూసి మురిసేవాళ్లే గానీ చేత్తో పట్టుకునేవాళ్లు లేరు. అడవిలో పొణికిచెట్టు తగ్గింది, చెక్కే ఇళ్లల్లో పిల్లలు వేరే పనుల్లోకి పోతున్నారు. బీరువాకి ఒక బొమ్మ చాలు, మళ్లీ కొనక్కర్లేదు. ఆటకైతే వీరుడు కావాలి, మాంత్రికుడు కావాలి, రాక్షసులు ఆరుగురు కావాలి, గుర్రం కావాలి. ఒక్క ఆట చేతివృత్తిని నిలబెట్టేస్తుందని నేను గొప్పలు చెప్పను. ఆడుకునే కుర్రాడు అడిగే బొమ్మ వేరు, షోకేసు అడిగే బొమ్మ వేరు అని మాత్రం చెప్తాను.

'పాతాళభైరవి' (1951)లో ఎన్.టి. రామారావు గారి తోటరాముడికీ, ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుడికీ తగవంతా దేనికోసం? అరచేతిలో పట్టే చిన్న ప్రతిమ కోసం! అది ఎవరి చేతిలో వుంటే బలం వాళ్లది. బొమ్మ శక్తి ఏమిటో మనకి డెబ్బయ్యేళ్ల కిందటే కె.వి. రెడ్డి గారు చూపించేశారు.

ఇక ఆడదాం రండి!

మామూలు పేకకట్టతో ఆడుకునేలా నేనొక పద్ధతి కట్టాను. జోకర్లు తీసెయ్యండి. నేల మీద అడ్డం 7, నిలువు 7 చుక్కల ముగ్గు పెట్టండి. చెల్లెమ్మలు వుంటే ఈ పని వాళ్లకి అప్పగించకండి, మీరే నేర్చుకోండి! వీరుడి బొమ్మ ఈ చివర, మాంత్రికుడి బొమ్మ ఎదురుగా ఆ చివర, ఒకే వరుసలో. తలా 9 ముక్కలు పంచుకుని, నచ్చని రెండు పారేసి 7 వుంచుకోండి.

ఇస్పేటు అంటే కత్తి. పక్క చుక్కలో వున్నవాడికే తగులుతుంది. డైమను అంటే మంత్రం. సూటిగా ఒకే వరుసలో వుంటే 4 చుక్కల దూరం దాకా పోతుంది. కళావరు అంటే అడుగు, మూడు చుక్కల దాకా కదలొచ్చు. ఆఠీను అంటే డాలు.

ఇద్దరూ ఒక్కో ముక్క బోర్లా పెట్టి ఒకేసారి తిప్పాలి. దెబ్బకు ఎదురు ఏది పడినా పెద్ద ముక్కదే పైచెయ్యి. ఆసు అన్నిటికంటే పెద్దది. అడుగు పెద్దదైతే తప్పించుకుని కదిలాడు. దెబ్బ పెద్దదైతే అడుగు పడకముందే తగిలింది. సమానమైతే ఎవరికీ ఏమీ కాదు, కత్తులు ఖంగుమన్నాయి, అంతే. అందని దూరం నుంచి కొట్టిన దెబ్బ దండగ.

దెబ్బ తిన్నవాడి చేతిలోంచి ప్రత్యర్థి చూడకుండా ఒక ముక్క లాగేస్తాడు. అది ఇక రాదు. లాగడానికి చేతిలో ముక్క లేకపోతే, వాడిన వాటిలోంచి ఒకటి పోతుంది. వాడిన ముక్కలు అందరికీ కనబడేలా పక్కన పరచాలి. కావాలనుకున్నప్పుడు ముక్క వెయ్యడం మాని 'ఊపిరి' అనొచ్చు. వాడినవన్నీ తిరిగి తీసుకుని, అందులోంచి ఒకటి శాశ్వతంగా వదిలెయ్యాలి. ఊపిరి రెండేసార్లు. ఆ అదునులో ప్రత్యర్థి దెబ్బ అందితే అడ్డులేకుండా తగులుతుంది. రెండు ఊపిర్లూ అయిపోయి చేతిలో ముక్క లేనివాడి బొమ్మ పడుకుంటుంది!

ఒక రీలు నడిపి చూద్దాం. వీరుడి చేతిలో ఇస్పేటు రాజు, తొమ్మిది, నాలుగు, కళావరు రాణి, ఆరు, ఆఠీను పది, డైమను మూడు. మాంత్రికుడి చేతిలో డైమను ఆసు, జాకీ, ఏడు, ఆఠీను రాజు, అయిదు, కళావరు ఎనిమిది, ఇస్పేటు రెండు.

మొదటి వంతు: వీరుడు కళావరు రాణి వేసి మూడు చుక్కలు ముందుకొచ్చాడు. మాంత్రికుడు ఆఠీను అయిదుతో కాలక్షేపం చేశాడు. రెండో వంతు: వీరుడు కళావరు ఆరుతో మీదికి రాబోయాడు, మాంత్రికుడి డైమను జాకీ ధడేల్‌మని తగిలింది! చేతిలోంచి ఆఠీను పది పోయింది. డాలు విరిగిందన్నమాట. ఇప్పుడు వీరుడికి అడుగు వేసే ముక్కే లేదు. గత్యంతరం లేక 'ఊపిరి' అన్నాడు. రాణిని తెచ్చుకుని ఆరును వదిలేశాడు. ఆ అదునులో మాంత్రికుడు డైమను ఆసు వేశాడు. ఇంకో ముక్క పోయింది, అదృష్టవశాత్తూ అది డైమను మూడే.

హాల్లో అందరూ 'అయిపోయాడ్రా హీరో' అంటారు. కానీ మన వీరుడి కళ్లు పరచిన ముక్కల మీద వున్నాయి. ఆసు పడిపోయింది, జాకీ పడిపోయింది. ఊపిరి తీసుకునేదాకా ఆ రెండు మంత్రాలూ మాంత్రికుడి చేతికి రావు! కళావరు రాణి వేసి దూకాడు. అటు నుంచి డైమను ఏడు వచ్చింది, రాణి ముందు ఏడు చాలలేదు. వీరుడు ఇప్పుడు మాంత్రికుడి పక్క చుక్కలో వున్నాడు. చేతిలో మూడు కత్తులు: రాజు, తొమ్మిది, నాలుగు. మాంత్రికుడికీ మూడే ముక్కలు మిగిలాయి. అందులో పెద్ద డాలు వుందా? ఊపిరి కోసం ఆగుతాడా? రాజును ఇప్పుడే దూయాలా, నాలుగును ఎరగా వేసి డాలును బయటికి లాగాలా?

ఆ క్షణంలో పాచిక వుంటే గలగలలాడించి వేసేసేవారు, అయిపోయేది. పేక వుంది గనక మీరు గోళ్లు కొరుక్కుంటున్నారు. నేనడిగింది ఇదే!

కొంచెం ముదిరాక గంజీఫా చమత్కారం కూడా కలుపుకోండి. ఎవరైనా రెండో ఊపిరి తీసుకోగానే చీకటి పడినట్టు లెక్క. అప్పట్నుంచి చిన్న ముక్కే పెద్దది. పనికిరాదని దాచుకున్న రెండు ఆ చీకట్లో మహాస్త్రమైపోతుంది.

ఒక్క షరతు మాత్రం పెద్దన్నలాగా పెడుతున్నాను. పైసా పందెం వద్దు. పందెం పెట్టిన పేక ఎన్ని ఇళ్లు కూల్చిందో మన డెల్టా ఊళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది కూడా అలాంటి గోడు విన్నందుకే. ఇంట్లో పేకముక్క కనబడగానే పెద్దవాళ్లు కర్ర ఎత్తుతారంటే తప్పు వాళ్లది కాదు. వాళ్లనీ ముగ్గు పక్కన కూర్చోబెట్టి, అమ్మమ్మ చేతికి మాంత్రికుణ్ణి ఇచ్చి చూడండి. డాలు ఎప్పుడు దాచాలో ఆవిడకి తెలిసినట్టు మీకు తెలియదు.

ఈ సంక్రాంతికి కొలువు ఎత్తేముందు ఒక్క పూట ఆ బొమ్మల్ని నేల మీదికి దింపండి. ఆ వీరుడు రాజును దూశాడో, నాలుగును ఎర వేశాడో మీ లెక్క ప్రకారం తేల్చి నాకు రాయండి. నేనైతే నాలుగే వేస్తాను. కాదంటారా? కారణం చెప్పండి, వచ్చే వారం తేల్చుకుందాం!